కడియం నర్సరీల ‘డిజైన్ ఫ్రీ’ సర్వీసు: పాత దొడ్డి ఉన్న ఇల్లు కొనుక్కున్నోళ్ళ కోసం

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఓపికున్నోళ్ళు మిగతాది చదూకోండి. మొక్కలు కొనుక్కోడానికి రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీలకి 5కి 4. అక్కడే కొన్ని పెద్ద నర్సరీలు ఇస్తున్న ‘గార్డెన్ మేకోవర్, డిజైన్ ఫ్రీ’ సర్వీసుకి మటుకు 5కి 1న్నర, ఆ న్నర కూడా మా ఇంటికొచ్చి ఎండలో టేపు పట్టుకుని ఓపిగ్గా కొలిచిన కుర్రాడి మొహం చూసి ఇస్తున్నదే. కొత్తగా మెరక చేసిన ఖాళీ సైట్ అయితే ఇదే సర్వీసుకి 3 పైనే ఇస్తానేమో, వాళ్ళ పద్ధతంతా ఖాళీ నేల కోసం తయారైంది మరి. ఎదిగిన చెట్లున్న దొడ్డికి ఎందుకు పనికిరాదో చెప్పడానికే ఇంత రాస్తున్నా. నర్సరీ పేరు రాయట్లేదండి, ఇంకో రెండు చోట్ల అడిగినా వరస ఇంచుమించు ఇదే, ఒక్కళ్ళని పట్టుకుని తిట్టడం బాగోదు.

మాది రావులపాలెం నుంచి కొత్తపేట వైపు వెళ్ళే దారిలో ఊరు. మా ఆయనా నేనూ లోన్ పెట్టి కొనుక్కున్న మొదటి ఇల్లు, 14 సెంట్లు, పాత డాబా, ముందు చిన్న వాకిలి, వెనకంతా దొడ్డి. అమ్మినావిడ పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయారు గానీ దొడ్డిని ఎంత ప్రేమగా చూసుకున్నారో చూడగానే తెలిసిపోతుంది. 1996 నవంబర్ 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు తోటలకి తోటలే పడిపోయాయి కదా, మా చెట్లు చాలావరకు ఆ తర్వాత వేసినవేనంట, ఒక్కటి మటుకు అప్పుడు వంగిపోయి మళ్ళీ పైకి లేచింది, ఇప్పటికీ నడుం దగ్గర వంపుంటుంది. ఇంకా ఒక కొత్తపల్లి కొబ్బరి మామిడి, పనస, సపోటా, నుయ్యి పక్కన కరివేపాకు, పారిజాతం, గోడ పొడుగునా నందివర్ధనాలు. వింటానికి బాగుంది కదా, చూడ్డానికి మాత్రం అడివి. ఎక్కడా ఎండ పడదు, వానొస్తే నైరుతి మూల రెండ్రోజులు నీళ్ళు నిలబడి ఉంటాయి, కూర్చుని కాఫీ తాగుదామంటే నెత్తి మీద కొబ్బరి మట్ట ఎప్పుడు పడుతుందో తెలీదు. మాకు కావల్సింది ఏంటంటే నడవడానికి దారి, నలుగురు కూర్చునే చోటు, పూజకి పూలు, కాస్త వెల్తురు. అంతేనండి. ఇది మేకోవర్ అవుతుందో లేదో కూడా మాకు తెలీదు.

హైవే పక్కన పెద్ద నర్సరీలో ఈ మాటే చెప్తే డిజైన్ ఫ్రీ మేడం, మొక్కలు మా దగ్గరే తీసుకోవాలి అంతే, అన్నారు. సైట్ విజిట్‌కి కుర్రాడొచ్చాడు, కొలిచాడు, ఫోటోలు తీసుకున్నాడు, చెప్పిన రోజుకి ఫోన్‌కి త్రీడీ బొమ్మ పంపించాడు, ఈ టైమింగ్ విషయంలో వంక పెట్టను. బొమ్మ చాలా బాగుంది. మా అత్తయ్యగారికి చూపిస్తే ఇదెవరిల్లే అన్నారు.

ఎందుకంటే బొమ్మలో మామిడి లేదు, పనస లేదు, సపోటా లేదు, కొబ్బరి చెట్లు ఆరింట్లో రెండే ఉన్నాయి, వంపు చెట్టు అసల్లేదు. మధ్యలో కొరియన్ గడ్డి లాన్, చుట్టూ తెల్ల గులకరాళ్ళు, గోడ వెంబడి ఫాక్స్‌టెయిల్ పామ్‌లు వరసగా. కోనసీమలో కొబ్బరి చెట్టు కొట్టేసి దాని చోట డబ్బులిచ్చి ఇంకో తాటిజాతి చెట్టు పెట్టుకోవడం ఏంటి నాన్నా అని నేనడిగితే, అవి కాయలు రాల్చవు మేడం సేఫ్టీ అన్నాడు. మామిడి ఏదంటే ఆకు రాలుద్ది అన్నాడు. పనస ఏదంటే ఈశాన్యంలో బరువు ఉండకూడదు మేడం వాస్తు అన్నాడు. మా పక్కింటి బాబాయ్ గారు అక్కడే ఉన్నారు, ఆ పనస కింద పెరిగిన ఇద్దరు పిల్లలూ అమెరికాలో ఉన్నారు బాబూ ఇంకేం వాస్తు కావాలి అన్నారు, కుర్రాడు కూడా నవ్వేశాడు.

కొటేషన్ లక్షా డెబ్భై వేలు దాటింది. అందులో మొదటి లైనే ‘సైట్ క్లీనింగ్, లెవెలింగ్’. ఇక్కడే నాకు కిటుకు అర్థమైంది. డిజైన్ ఫ్రీ అంటే వాళ్ళకి డబ్బులొచ్చేది మొక్కల బిల్లులోంచి, మొక్కలు ఎన్ని ఎక్కువ పడితే అంత బిల్లు, మరి నేల నిండా చెట్లుంటే మొక్కలెక్కడ పెడతారు? అందుకే ఉన్నవి తీసేయడంతో మొదలెడతారు. వాళ్ళు మోసం చేస్తున్నారని అనట్లేదు, మొక్కలమ్ముకునేవాళ్ళని ప్లాన్ గీయమంటే మొక్కల ప్లానే గీస్తారు. మా దొడ్డికి కావల్సింది కొత్త మొక్కలు కాదు, కొమ్మలు తీసి వెల్తురు రప్పించడం, నీళ్ళు పోయే దారి చెయ్యడం. ఆ రెండూ నర్సరీలో దొరికే సరుకు కాదు కదండీ.

చెట్లు కొట్టే పర్మిషన్ సంగతి మేం చూసుకుంటాం అని ఒక మాట కూడా అన్నాడు. మన రాష్ట్రంలో 2002 నుంచీ వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, సొంత దొడ్డిలో చెట్టైనా కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, కొన్ని జాతులకి మినహాయింపు ఉంటుంది. మీ ఇంట్లో ఏది దేని కిందకొస్తుందో మీరే కనుక్కోండి, వచ్చినోళ్ళ మీద వదిలెయ్యకండి, రేపు అడిగితే సమాధానం చెప్పాల్సింది ఇంటివాళ్ళే.

ఇప్పుడు ఆ లెవెలింగ్ అనేదాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డెల్టాలో పాత ఇల్లు కొన్న ప్రతివాళ్ళకీ ఈ తలనొప్పి ఉంటుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ అంగుళాలు అంగుళాలు లేస్తుంది, ఇల్లేమో అక్కడే ఉంటుంది, పదేళ్ళకి దొడ్డి పల్లంలో పడిపోతుంది. వాళ్ళ ప్లాన్‌లో దొడ్డంతా రెండడుగులు మెరక మట్టి పోయించడం ఉంది. కొబ్బరికి మొదట్లో కాస్త మట్టి ఎక్కినా మాను నుంచి కొత్త వేర్లు వేసుకుని సర్దుకుంటుంది, మామిడీ సపోటా అలా కాదండి, మొదలు చుట్టూ రెండడుగులు మట్టి కప్పేస్తే కింద వేర్లకి గాలాడదు, మొదలు దగ్గర బెరడు తడిగా ఉండిపోయి కుళ్ళుతుంది, వెంటనే ఏం కాదు, ఒకటి రెండేళ్ళకి చిటారు కొమ్మలు ఎండుకుంటూ వస్తాయి, అప్పటికి మెరక సంగతి అందరూ మర్చిపోయి ఏదో తెగులు వచ్చిందనుకుంటారు. కొటేషన్‌లో ఉంచుతామన్న చెట్లకి కూడా దీనివల్ల గ్యారంటీ లేనట్టే. ఈ సంగతి కుర్రాడికి చెప్తే మా ఇంజినీర్ని అడుగుతా అన్నాడు, ఆ ఇంజినీర్ మాత్రం మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మేమేం చేశామంటే నడిచే దారి వరకే మెరక చేసి ఇసక పోసి పాత ఇటుకలు పరిపించాం, నీళ్ళు నిలబడే మూల నుంచి వీధి మురుగు కోడులోకి ఒక చిన్న బోదె తీయించాం. ఇద్దరు మనుషులు, పార, పలుగు. కొబ్బరి వేర్లు తగలకుండా చెట్టుకి ఆరడుగుల అవతల నుంచి తవ్వించాం, కొబ్బరి తిండి తీసుకునే వేర్లు ఎక్కువగా ఆ ఆరడుగుల లోపే ఉంటాయి. ఆషాఢంలో గట్టి వానొచ్చినా నైరుతి మూల సాయంత్రానికల్లా ఆరిపోయింది. లక్షా డెబ్భై వేల ప్లాన్‌లో ఈ బోదె లేదు మరి, విచిత్రం.

ఇంకో విషయం. కుర్రాడు ఏప్రిల్‌లో వచ్చాడు. కాలవలు కట్టేసే టైము, నేల నెర్రెలిచ్చి ఉంది, పనసకీ గోడకీ మధ్య చోటు ఖాళీగా కనిపిస్తే అక్కడ ఫౌంటెన్ పెట్టాడు బొమ్మలో. జూన్‌లో మృగశిర కార్తె వానలు పడ్డాక ఆ ‘ఖాళీ’ చోటులో ఏం లేచాయో తెలుసా, మామిడల్లం, కంద, చేమ, వాటి అంచునా గులాబీ రంగు వాన లిల్లీలు. ఇవన్నీ ఎండాకాలం భూమిలో దుంపగా పడుకుని తొలకరికి లేస్తాయి. పాత దొడ్డిని ఎండాకాలంలో చూసి ప్లాన్ గీస్తే సగం దొడ్డి కనపడదన్న మాట. ఎండ కూడా అంతే, ఎండాకాలంలో ఎండ పడే చోటు వేరు, చలికాలంలో వేరు, మా ఉత్తరం గోడ పక్కన మేలో మిట్టమధ్యాహ్నం మాడిపోతుంది, డిసెంబరులో ఇంటి నీడే దాటదు. ఒక్క విజిట్‌తో డిజైన్ గీసేవాళ్ళకి ఇదెలా తెలుస్తుంది, వాళ్ళ తప్పని కూడా అనలేం, కానీ అడగాలి కదా. ఇక్కడ వానాకాలం ఏమేం మొలుస్తాయి, నీళ్ళెక్కడ నిలుస్తాయి అన్న ప్రశ్నలు ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

లాన్ సంగతి రెండు ముక్కల్లో. కొబ్బరి నీడలో కొరియన్ గడ్డి పలచబడిపోతుంది, ఏప్రిల్ మేలో కాలవ లేనప్పుడు నూతిలో నీళ్ళు మనకే చాలవు, వద్దు.

మసి ఆకుల గోల ఒకటుంది, ఇది మటుకు చదవండి. మా నందివర్ధనాల ఆకులు, సపోటా ఆకులు పైన నల్లగా మసి పూసినట్టు ఉన్నాయి. కుర్రాడు ఇవి తెగులు పట్టిన మొక్కలు తీసేద్దాం అన్నాడు. ఆ మసి నందివర్ధనానిది కాదండి, పైనున్న కొబ్బరిది. కొబ్బరాకు అడుగున సర్పిలాకార తెల్లదోమ అని ఉంటుంది, తెల్లగా చుట్లు చుట్లుగా మైనం పూసి గుడ్లు పెడుతుంది, 2016లో మన దేశంలోకి వచ్చింది, అప్పట్నించీ కోనసీమని వదల్లేదు. అది రసం పీల్చి తియ్యటి జిగురు కారుస్తుంది, జిగురు కింద ఉన్న ఆకుల మీద పడుతుంది, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. అంటే కింద మొక్క పీకేసి కొత్తది పెడితే కొత్తదానికీ అదే మసి, ఈసారి డబ్బులు పెట్టి కొన్న మొక్కకి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు చెప్పేది కూడా ఎడాపెడా పురుగుమందులు కొట్టొద్దనే, మందు కొడితే ఈ దోమని చంపే మిత్ర పురుగులు ముందు చచ్చిపోతాయి. అందేంత వరకు ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టడం, మిత్ర పురుగుల్ని బతకనివ్వడం. మేము మోటారు పైపుతో కొడుతున్నాం, వానలు పడ్డాక చాలావరకు కడుక్కుపోయింది.

దీనివల్లే నర్సరీకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి: ఏ మొక్కైనా బండెక్కించే ముందు ఆకు తిప్పి అడుగు చూడండి. జామ, అరటి, అరెకా పామ్ లాంటివి మరీను, ఆ దోమ వీటి మీద కూడా ఉంటుంది. నేను చూస్తుంటే ఒక జామ అంటు కింద తెల్ల చుట్లు కనిపించాయి, చూపిస్తే ఆ నర్సరీవాళ్ళు మారు మాట్లాడకుండా పక్కన పెట్టేసి వేరేది ఇచ్చారు.

ఆ నర్సరీ గురించే ఇప్పుడు చెప్తున్నా, 4 స్టార్లు వాళ్ళలాంటి వాళ్ళకే. హైవే వదిలేసి బుర్రిలంక లోపలికి వెళ్తే చిన్న చిన్న నర్సరీలు ఉంటాయి, బోర్డు కూడా సరిగ్గా ఉండదు, ఇంట్లో వాళ్ళే చూసుకుంటూ ఉంటారు. ఒక పెద్దావిడ ఉన్నారు, నేను గులాబీలు, మందారాలు, బోగన్‌విల్లా అని లిస్టు చదువుతుంటే ఆగమ్మా, దొడ్డి ఫోటో ఉంటే చూపించు అన్నారు. చూసి, ఇంత నీడలో నువ్వడిగినవేవీ పూయవమ్మా, ఆకులే పెరుగుతాయి, ముందు ఆ మామిడి కొమ్మలు తీయించు, వెల్తురు ఎక్కడ పడుద్దో చూసుకుని అప్పుడు రా అన్నారు. మొక్కలమ్ముకునే మనిషి వద్దమ్మా అనడం కడియంలో నాకు ఇదే మొదలు. నీడకి బతికేవి ఏమున్నాయంటే కనకాంబరం కాస్త నీడున్నా పూస్తుందన్నారు, కొబ్బరి మొదట్లో మిరియం తీగ ఎక్కించమన్నారు, నుయ్యి పక్కన తమలపాకు. గోడవారకి కోనోకార్పస్ వెయ్యమని వేరే చోట అన్నారని చెప్తే ఆవిడ మొహం చిట్లించారు. తెలంగాణలో ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారంలోంచి తీసేశాక కూడా ఇంకా అమ్ముతూనే ఉన్నారు అది, దాని వేర్లు నీళ్ళ కోసం దూరం పాకుతాయంటారు, పక్కనే నుయ్యి పెట్టుకుని నేనెందుకు తెచ్చుకుంటాను.

మరి ఒక స్టార్ ఎందుకు తగ్గించావంటే, రేటు బోర్డు ఎక్కడా ఉండదు, మనం దిగిన బండి చూసి చెప్తారేమో అనిపిస్తుంది, ఒకే నందివర్ధనం మూడు చోట్ల మూడు రేట్లు. బిల్లు అడిగితే వింతగా చూస్తారు. కొన్ని చోట్ల మొక్క కవర్లో ఎన్నాళ్ళ నుంచో ఉండిపోయి వేర్లు గుండ్రంగా చుట్టేసుకుని ఉంటాయి, కవరు అడుగున చిల్లుల్లోంచి లావు వేరు బయటికొచ్చి నేలలో దిగిందంటే అది ముదిరిపోయిందని అర్థం, తీసుకోకండి, పెద్ద మొక్క అని మురిసిపోయి అసలు తీసుకోకండి.

నాటేటప్పుడు ఇంకొకటుంది. నర్సరీ కవర్లో ఉండేది ఎర్రమట్టి, మనది నల్ల జిగురు మట్టి. గొయ్యి తీసి కవరు చింపి ఆ ఎర్రమట్టి గడ్డని అలాగే దింపేస్తే వానాకాలం ఆ గుంట గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచుతుంది, పక్క నల్లమట్టి నీళ్ళని తొందరగా పీల్చుకోదు, వేర్లు కూడా ఎర్రమట్టి దాటి బయటికి పోవు. నేను తెచ్చిన మొక్క చక్కగా ఉండి వానల్లో చచ్చిపోయిందండీ అని మనవైపు చాలామంది అనేది ఇందుకే. గడ్డ చుట్టూ మట్టి కొంచెం రాల్చి, మన దొడ్డి మట్టిలో పశువుల గెత్తం, కొబ్బరి పొట్టు కలిపి, గొయ్యిలో దించడం కన్నా నేల మీద జానెడు దిబ్బలా చేసి దాని మీద నాటితే బాగా పట్టుకుంటున్నాయి. ఈ చిట్కా కూడా ఆ పెద్దావిడదే.

కొమ్మల పని చేసింది మాకు కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెప్పిన మనిషి. ఆయనకి కార్డు లేదు, గూగుల్‌లో దొరకరు, ఊళ్ళో అడిగితే చెప్తారు, రేటింగ్ ఇవ్వాలంటే 5కి 5. మామిడి కాపు అయిపోగానే ఆషాఢంలో చెయ్యాలన్నారు, ఆలస్యమైతే పూతకి కొమ్మ ముదరదు. చుట్టూ సమానంగా క్రాఫు కొట్టినట్టు కొట్టేస్తారేమో అని భయపడ్డా, అలా చెయ్యలేదు, ముందు ఎండు పుల్లలు, తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, చివర్న నడిమధ్య నిలువుగా లేచిన కొమ్మలు రెండు, అంతే, కింద నిలబడి చూస్తే చెట్టు మధ్యలోంచి ఆకాశం కనపడింది. నరికిన చోట్ల బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయమని పట్టుబట్టి మరీ తెప్పించారు. పనస జోలికి పెద్దగా పోలేదు, కాయ మొదట్లోనూ లావు కొమ్మలకీ కాస్తుంది కాబట్టి కింద కొమ్మలు అడ్డదిడ్డంగా తీస్తే కాపు పోతుందన్నారు. కొబ్బరికి మటుకు ఎండు మట్టలు తప్ప పచ్చివి ముట్టుకోనన్నారు. కొందరు చెట్టు నీట్‌గా ఉండాలని పచ్చి మట్టలు కొట్టించేస్తారు, గెల కూర్చునేది ఆ మట్టల ఆసరాతోనే అని కేకలేశారు నన్ను, నేనేం అడక్కుండానే.

ఒక్కరోజు కూలి, చెత్త ఎత్తించడానికి ట్రాక్టరు, బోదె, ఇటుకల దారి, మొక్కలు అన్నీ కలిపి పాతిక వేలు దాటలేదు. కూర్చునే చోటు వంపు చెట్టుకీ మామిడికీ మధ్య పెట్టుకున్నాం, కొబ్బరికాయలూ మట్టలూ పడే చుట్టుకొలత బయట, సిమెంటు బల్ల ఒకటి. ఇంకా చెయ్యాల్సినవి ఉన్నాయి, గోడవారన ఎండ పడే చోటు ఇప్పుడే తేలింది కాబట్టి మందారాలు, బొండుమల్లి అక్కడ పెట్టాలి, డిసెంబర్ దాకా తుఫాన్ల భయం కాబట్టి పొడుగ్గా ఎదిగేవి ఏవీ ఈ ఏడాది కొనట్లేదు.

డిజైన్ సర్వీసు తీసుకోవద్దని ఎవరికీ చెప్పను. తీసుకుంటే మటుకు డిజైన్‌కి విడిగా ఫీజు ఇస్తాం, మొక్కలు మీ దగ్గర కొంటామో లేదో తర్వాత చెప్తాం అని అడిగి చూడండి, ఒప్పుకునేవాళ్ళయితే మంచి ప్లాన్ వస్తుంది. ఉంచాల్సిన చెట్ల మొదళ్ళకి ముందే సున్నం పట్టీ వేసి పెట్టండి, బొమ్మలో అవన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. నర్సరీలకి ఆదివారం వెళ్ళకండి, హైవే పక్కన బండి పెట్టుకునే చోటుండదు, అడిగిన ప్రశ్నకి ఎవరూ నిలబడి సమాధానం చెప్పరు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే లోపల నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పెడుతూ తీరిగ్గా మాట్లాడతారు, ఫోన్‌లో దొడ్డి ఫోటోలు మటుకు మర్చిపోకండి, పొద్దుటి ఎండలో ఒకటి, సాయంత్రం ఎండలో ఒకటి.